టెస్టింగ్ సార్ వెనకాల కూర్చుంటే

"ఇది కూడా ఫెయిలే," అన్నాడు టెస్టింగ్ సార్, బోర్డుని ఆమె టేబుల్ మీద పెడుతూ.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే అతని కళ్ళు కనిపిస్తాయి. దించితే ఆ బోర్డులో తను చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద అతను అంటించిన ఎర్ర స్టిక్కర్ కనిపిస్తుంది. రెండిట్లో స్టిక్కరే నయం అనిపించింది.

ఆ చిన్న ఫ్యాక్టరీలో హాస్పిటల్ మానిటర్లు తయారవుతాయి. ఒక వైపు గోడలోంచి వచ్చే కరెంటు, ఇంకో వైపు రోగి ఛాతీకి అతికించే వైర్లు. ఆ రెండూ కలిస్తే రోగి ప్రాణానికే ముప్పు. కానీ కలవకుండానే పవర్ అటు వెళ్ళాలి, గుండె కొట్టుకునే డేటా ఇటు రావాలి. ఆ పని చేసేవే ఉంగరమంత ట్రాన్స్‌ఫార్మర్లు. పవర్‌కి ఒకటి, డేటాకి ఒకటి. ఉంగరానికి అటొక చుట్ట, ఇటొక చుట్ట. ఈ తీగ ఆ తీగని తాకదు.

వాటిని చేత్తో చుట్టడం ఆమె ఉద్యోగం. మోటార్లు రిపేరు చేసే నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పని.

అతనేమో రెండు చుట్టల మధ్య వేల వోల్టులు పెట్టి చూస్తాడు. కాస్త లీకైనా మెషీన్ కీచుమంటుంది. అందుకే అమ్మాయిలు చాటుగా 'కీచు సార్' అంటారు.

సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి నిలబడింది. "సాయంత్రంలోగా కారణం తేలాలి. లేకపోతే రేపట్నుంచి నువ్వు ప్యాకింగ్‌లో. హాస్పిటల్‌కి వెళ్ళే వస్తువమ్మా, నేను మొహమాటపడలేను."

ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలు. ఇక తీగ ముట్టుకునే పనే ఉండదు.

"నేను దగ్గరుండి చూస్తాను మేడమ్," అన్నాడతను. "తప్పెక్కడో దొరికిపోతుంది."

అయిపోయింది, అనుకుంది ఆమె.

అతను స్టూలు తెచ్చుకుని ఆమె వెనకే కూర్చున్నాడు. ఆమె కొత్త ఉంగరం తీసి తీగ చుట్టడం మొదలుపెట్టింది. రేకుల మీద వాన దడదడా మొదలైంది. లోపల ఆమె గుండె దానితో పోటీ పడుతోంది.

పక్క టేబుల్ దగ్గర సోల్డరింగ్ చేసే అక్క ఊరుకోలేదు. "ఏంటి పిల్లా, అలా వణుకుతున్నావ్?"

"చలి అక్కా."

"ఫ్యాన్ కూడా తిరగట్లేదు, చలేంటే?"

అతను ముందుకు వంగాడు. "చుట్టల మధ్య టేప్ బాగానే వేస్తున్నారు. గ్యాప్ కూడా కరెక్టే. మరెందుకు ఫెయిలవుతోంది?"

ఆ గొంతు చెవి పక్కనే వినిపించేసరికి ఆమె అరచేతులు తడిసిపోయాయి. డ్రెస్‌కి తుడుచుకుంది. మళ్ళీ తడిశాయి.

చుట్టడం అయ్యాక ఆ ముక్కని టెస్ట్‌కి పెట్టారు. కీచు!

అతను జుట్టులోకి వేళ్ళు పోనిచ్చుకున్నాడు. "విచిత్రంగా ఉందండీ. నేను లీవులో ఉన్నప్పుడు మీరు చుట్టినవన్నీ పాస్. నేనున్నప్పుడు చుట్టినవే ఫెయిల్. నా మెషీనే పాడైందేమో. మేడమ్‌కి అదే చెప్తాను. మీకే ఇబ్బందీ ఉండదు."

ఆమె ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే ఆ సంతోషం ఆగిపోయింది. మెషీన్ పాడైందంటే ఎర్ర స్టిక్కర్లన్నీ పీకేస్తారు. ఆ ముక్కలన్నీ ఎవరెవరి గుండెల మీదికో వెళ్తాయి.

"మెషీన్ మంచిదే సార్."

"మరి?"

"చెమట."

"ఇంత వానలో చెమటా?"

"చేతులకి సార్. ఆ ఉప్పు, తడి టేప్ కింద ఉండిపోతున్నాయి. కరెంటు అందులోంచే దాటుతోందేమో."

"చెమట అందరికీ పడుతుంది కదా. అక్కకి పట్టదా?"

"అక్కకి మీరంటే ఏమీ లేదు కదా సార్."

అనేసింది. అక్క చేతిలో సోల్డరింగ్ ఐరన్ గాల్లోనే ఆగిపోయింది.

అతను లేచాడు. స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఉద్యోగం పోయింది, పరువూ పోయింది. రేపు ఈ మొహం ఎవరికి చూపించాలి?

కాసేపటికి అతను తిరిగొచ్చాడు. పల్చటి గ్లౌజులు, స్పిరిట్ సీసా టేబుల్ చివర పెట్టి, తన అద్దాల టెస్టింగ్ గదిలోకి వెళ్ళి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ఉంగరాన్ని, తీగని స్పిరిట్‌తో తుడిచింది. గ్లౌజులు తొడుక్కుని చుట్టింది. అక్కే ఆ ముక్కని గదిలోకి తీసుకెళ్ళింది.

ఎంతసేపు చూసినా కీచుమనలేదు.

"కారణమేంటి?" మేడమ్ వచ్చి అతన్ని అడిగింది.

"చేతి చెమట మేడమ్. గ్లౌజులు చాలు. ఎర్ర స్టిక్కర్లవి మాత్రం విప్పి మళ్ళీ చుట్టాలి."

"అంతేనా?"

"అంతే మేడమ్."

"సరే. చుట్టడం ఈ అమ్మాయే చుడుతుంది," అని మేడమ్ వెళ్ళిపోయింది.

పని వదిలే వేళకి అతను గేటు దగ్గర వాన చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె పక్కనుంచి జారుకోబోయింది.

"ఒక్క నిమిషం. మేడమ్‌కి సగమే చెప్పాను."

"మిగతాది చెప్పకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"మీ సగం కాదు, నాది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "బోర్డులు ట్రేలో నా గదికే వస్తాయి. మీ టేబుల్ దాకా రావడం నా డ్యూటీ కాదు. ఇన్నాళ్ళూ ఊరికే వచ్చేవాణ్ణి."

"మరి... రేపు?"

"రేపట్నుంచి ట్రేలోనే పంపించండి. నేను టీ టైమ్‌కి వస్తాను. అప్పుడు చేతుల్లో పనుండదు కదా, ఎంత చెమట పట్టినా ఫర్వాలేదు."

"టీ ఒలకబోస్తానేమో."

"నా మీద పోసినా ఏమీ అనను లెండి."