పడక మీద ప్రాణం

"పడక మీద ప్రాణముందా?" అని అడిగింది బండిలోని తెర. త్రిమూర్తులు తలెత్తకుండానే 'లేదు' మీద వేలు పెట్టాడు. తెల్లబండి తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఊళ్లో బండ్లన్నిటినీ తనే నడిపే సమవాహిని దారి కేటాయించింది. ముందు పాలబండి, వెనక బడిబస్సు, మధ్యలో శవం. అన్నీ ఒకే వేగంతో, ఒకదాన్నొకటి తాకకుండా కాకినాడ మెయిన్ రోడ్డు మీద జారిపోతున్నాయి.

త్రిమూర్తులు చోదకుడి సీట్లో కూర్చున్నాడు. కూర్చోవడమే అతని ఉద్యోగం. చనిపోయినవాళ్ల బండిలో మనిషి లేకపోతే జనానికి మనసొప్పడం లేదని సీటునీ, స్టీరింగునీ, మనిషినీ అలాగే ఉంచారు. స్టీరింగు ముట్టుకోకుండా ముగించిన ప్రతి ప్రయాణానికీ నిరాటంక అంకె పెరుగుతుంది. ఆ అంకెలో జిల్లా మొత్తం మీద అతన్ని మించినవాడు లేడు. ఉత్తమ చోదకుడని చొక్కాకి బిళ్ల కూడా తగిలించారు. పెళ్లికెళ్లి భోంచెయ్యకుండా వచ్చినందుకు సన్మానం చేసినట్టుంటుంది వ్యవహారం. అయినా ఒకప్పుడు ఆ బిళ్లని రోజూ తుడుచుకునేవాడు.

వెనక పడక మీద పోయిన పెద్దాయన. పక్కన ఆయన కూతురు వాసంతి, ఆమె మేనత్త. కాసేపయ్యాక వాసంతి ముందుకి వంగింది.

"బాబాయ్ గారూ, దారిలో ఒకచోట దించి, చెవిలో పిలవాలంట కదండీ? మా అత్త చెబుతోంది."

"దింపుడు కళ్లం అంటారమ్మా. ఏ మూలో ప్రాణముంటే పిలుపు విని లేస్తారేమోనని, ఆఖరి ఆశ."

"మీరు ఆపుతారా?"

అలవాటైన జవాబు నోట్లోంచి వచ్చేసింది. "మధ్యలో ఆగడానికి వీల్లేదమ్మా. ఇదొక్కటి ఆగితే వెనక ఊరంతా ఆగిపోద్ది. నా లైసెన్సు కూడా పోద్ది."

"పోనీలెండి" అంది వాసంతి. గొడవపడి ఉంటే బాగుండేది. ఆ మాట అతన్ని కోసేసింది.

పోయినేడు ఇదే పడక మీద మంగతాయారు ఉంది. భార్యని పరాయివాడి చేతుల్లో పెట్టనని, తనే తీసుకెళ్తానని పంతం పట్టాడు త్రిమూర్తులు. తీరా తెర అడిగేసరికి అందరికీ నొక్కినట్టే, తలెత్తకుండా, 'లేదు' నొక్కేశాడు. కాలవ వంతెన దగ్గర కూతురు హైమ అతని భుజం పట్టుకుని ఊపింది. "ఆపు నాన్నా, అమ్మని ఒక్కసారి పిలుచుకుంటాను." అతను ఆపలేదు. శ్మశానం గేటు దగ్గర దిగుతూ ఆ పిల్ల చొక్కా మీది బిళ్ల వంక చూసి, "నువ్వు మంచి డ్రైవరువి నాన్నా" అంది. ఆ తర్వాత ఇంటికి రాలేదు, ఫోను చెయ్యలేదు.

పాతరోజుల్లో అతనికి లారీ నేర్పిన మేస్త్రి స్టీరింగు ఇవ్వడానికి ముందు చాన్నాళ్లు బ్రేకు మీదే కాలు పెట్టించాడు. తోలడం ఎవడికైనా వస్తుందిరా, ఎవరి కోసం ఆపాలో తెలుసుకో ముందు, అని తిట్టేవాడు. ఆ తిట్లన్నీ ఎప్పుడు మర్చిపోయాడో త్రిమూర్తులుకే తెలియదు. తలుచుకుంటే సిగ్గేసింది.

కాలవ వంతెన కనిపించింది. అతను తెర మీద 'స్థితి సవరణ' తెరిచాడు. శవానికి ఆగే హక్కు లేదు, ప్రాణానికి ఉంది. తెలియదు అనే మీట లేదు. ఉండొచ్చు అనే మీట కూడా లేదు. ఉంది, లేదు, అంతే. అబద్ధం చెబితే మళ్లీ ఏ బండిలోనూ ఈ సీటు ఎక్కనివ్వరు. మంగతాయారు పోయాక, హైమ వెళ్లిపోయాక, అతనికి మిగిలింది ఈ సీటొక్కటే.

'ఉంది' నొక్కాడు.

తెల్లబండి వంతెన పక్కకి ఒదిగి ఆగింది. పాలబండి ఆగింది. బడిబస్సు ఆగింది. వాటి వెనకవీ, అడ్డరోడ్ల మీదవీ కూడా ఆగిపోయాయి. ఆగిన ప్రతి బండిలోనూ సమవాహిని ఒకే మాట చెప్పింది. "తెల్లబండిలో ప్రాణముంది. చోదకుడు గెద్దాడ త్రిమూర్తులు. దయచేసి వేచి ఉండండి."

అతను వెనక్కి వెళ్లి, ఆడవాళ్లిద్దరి సాయంతో పడకని రోడ్డు పక్కన దింపాడు.

"ఏమని పిలవాలండీ?" అంది వాసంతి.

"రోజూ ఎలా పిలిచేదానివో అలాగేనమ్మా."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి చెవి దగ్గరికి వంగి, "నాన్నా" అంది.

త్రిమూర్తులు జేబులో ఫోను మోగింది. హైమ. ఆగిన ఏ బస్సులోంచో మాట్లాడుతోంది.

"ఆపావా నాన్నా?"

"ఆపానమ్మా."

"మనవాళ్లెవరైనానా?"

"కాదు. ఎవరో."

"అమ్మకి ఆపలేదు" అంది హైమ.

"లేదమ్మా. ఆపగలిగి కూడా ఆపలేదు." హైమ ఫోను పెట్టెయ్యలేదు.

బండి లోపల తెర మళ్లీ అడుగుతోంది. "పడక మీద ప్రాణముందా? నిర్ధారించండి. పడక మీద ప్రాణముందా?" జవాబు లేనిదే ఊళ్లో ఒక్క చక్రం కదలదు. దూరం నుంచి వైద్యుల బండి కూత దగ్గరవుతోంది.

త్రిమూర్తులు తెర వైపు తిరిగి చూడలేదు. ఫోనుని వాసంతి వైపు చాపి పట్టుకున్నాడు. ఆ పిల్ల ఇంకా పిలుస్తూనే ఉంది. కాసేపటికి ఫోనులోంచి హైమ కూడా "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.