ఏడో నంబరు స్లిప్పర్లు

వాడు పరిగెడుతున్నాడు.

వాడి వెనకాలే సెగావా.

మంచు... మోకాలి లోతు మంచు! కాళ్ళకేమో సత్రం వాళ్ళిచ్చిన చెక్క చెప్పులు. రెండడుగులు వేస్తే మూడోది జారుతోంది.

టైం సాయంత్రం అయిదున్నరే. కొండల మధ్య ఆ లోయలో అప్పుడే చీకటి పడిపోయింది.

"ఆగు! పోలీస్!"

వాడు ఆగడు. నీలం గీతల యుకతా అంగీ, పైన దూది కుట్టిన గోధుమరంగు కోటు. అంతే కనిపిస్తోంది. మొహం కనిపించలేదు.

ఆ మనిషి, సెగావా కాపలా కాస్తున్న కసుమి గది కిటికీ కింద పది నిమిషాల నుంచీ తచ్చాడుతున్నాడు. సెగావా కిటికీలోంచి చూశాడు. ఒక్క ఉరుకున గది బయటికి దూకాడు... దూకి, గుమ్మంలో, సత్రం లోపల తిరగడానికిచ్చే స్లిప్పర్లు తట్టుకుని బోర్లా పడ్డాడు!

స్లిప్పర్లు లోపలివైపు తిరిగి ఉన్నాయి. కుడికాలిది ఎడమకాలికి తొడిగాడు. నాలుగు సెకన్లు పోయాయి. ఆ నాలుగు సెకన్లే ఇప్పుడు ప్రాణం తీస్తున్నాయి.

మూల తిరుగుతాడు.

తిరిగి, ఉన్నచోటే నిలబడిపోతాడు.

సందు నిండా జనం. భోజనాలకి ముందు షికారుకి బయల్దేరిన సత్రం అతిథులు. పదిహేను, ఇరవై మంది. అందరికీ నీలం గీతల యుకతా. అందరికీ గోధుమరంగు కోటు!

సెగావాకి ఒళ్ళు మండిపోతుంది. ఇందులో ఎవణ్ణని పట్టుకోను?

ఊపిరి బిగబట్టి చూస్తాడు. అందరి నోళ్ళలోంచీ సన్నగా ఆవిరి వస్తోంది. కోడిగుడ్లు ఉడకబెట్టే వేడినీటి బుగ్గ దగ్గర, వీపు తిప్పి నిలబడ్డ ఒక్కడికి మాత్రం గుప్పుగుప్పుమని వస్తోంది.

వాడే!

మెడ మీద చెయ్యి పడుతుంది. మనిషి మంచులో పడతాడు. సెగావా మోకాలు వాడి నడుం మీద.

"ఇవసే పంపాడా నిన్ను? చెప్పు!"

"ఇవసే ఎవరండీ బాబూ... నేను మొరికుబోని. పళ్ళ డాక్టర్ని."

"కిటికీ కింద ఏం చేస్తున్నావ్?"

"సిగ్నల్ కోసం అండీ. ఈ సత్రం మొత్తానికి ఆ కిటికీ కిందే రెండు గీతలు వస్తాయి."

"మరి పారిపోయావెందుకు?"

మొరికుబో మంచులోంచి మొహం ఎత్తుతాడు. అరవై ఏళ్ళుంటాయి. ఏడుపొక్కటే తక్కువ.

"మా ఆవిడ పెట్టిన డిటెక్టివ్ మీరేమో అనుకున్నా. నాతో వచ్చినావిడ మా ఆవిడ కాదు. మీకు దణ్ణం పెడతా, ఇంట్లో చెప్పకండి."

సెగావా మోకాలు తీసేస్తాడు. దెబ్బ తగిలింది తన మోకాలికే. చుట్టూ చేరిన జనం మధ్యలోంచి ఒకావిడ "తాగి ఉంటాళ్ళే, పాపం" అంటూ వెళ్ళిపోతుంది.

తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల నుంచీ ఇదే బతుకు! నీడని చూసి పరిగెత్తడం, పళ్ళ డాక్టర్లని పట్టుకోవడం.

రేపు పదింటికి కసుమి కోర్టులో నిలబడాలి. లిఫ్టులు రిపేరు చేసే మనిషి ఆమె. లిఫ్టు పైకప్పు మీద కూర్చుని పని చేసుకుంటూ, తలుపు సందులోంచి చూసింది. ఇవసే అనే బిల్డరు తన పార్టనర్‌ని తొమ్మిదో అంతస్తు నుంచి కిందకి తోసేయడం చూసింది. ఆమె చెబితే వాడి బతుకు జైల్లోనే. చెప్పకపోతే వాడు కాలరెగరేసుకుని బయటికొస్తాడు.

ఇంకో సాక్షి ఉండేవాడు. ఆ బిల్డింగు వాచ్‌మన్. పోయిన నెల ఇంట్లో స్నానాల తొట్టిలో శవమై తేలాడు. వేడినీళ్ళకి కళ్ళు తిరిగి మునిగిపోయాడన్నారు. ప్రమాదమని రాసేశారు.

సెగావా మాత్రం ఆ మాట నమ్మలేదు.

కుంటుకుంటూ వెనక్కి తిరుగుతాడు.

* * *

సత్రం తలుపు తియ్యగానే లోపలి వేడికి కళ్ళద్దాలు తెల్లగా కమ్ముకుపోతాయి. ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడదు. తుడుచుకుంటాడు. మళ్ళీ కమ్ముకుంటాయి. పళ్ళు నూరుకుంటూ తడుముకుంటూ నడుస్తాడు.

గదిలో కసుమి చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పనావిడ ఒరినో పక్కనే కమలాపండు వలుస్తోంది. బూడిదరంగు కిమోనో, తెల్ల సాక్సులు, దాని చేతులు పైకి మడిచి వీపు మీదుగా కట్టిన ఎర్రటి తాడు. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. పరిగెత్తేముందు సెగావాయే ఆమెతో చెప్పాడు, నేను వచ్చేదాకా ఈమెని వదలొద్దని. వదల్లేదు. ఇంతసేపూ సత్రం యజమానమ్మ కూడా అక్కడే భోజనం బల్ల సర్దుతూ ఉందట.

"దొరికాడా?" అంటుంది కసుమి.

"దొరికాడు. పళ్ళ డాక్టరు."

కసుమి నవ్వదు. "మంచిది. మీ పళ్ళు చూపించుకోండి, రాత్రంతా నూరుతున్నారు. నేను స్నానానికి వెళ్తున్నా."

"కుదరదు."

"తొమ్మిది రోజులైంది సార్. మూడు లాడ్జీలు, రెండు స్టేషన్లు. తడిగుడ్డతో తుడుచుకుని తుడుచుకుని నా ఒళ్ళు నాకే అసహ్యమేస్తోంది."

"రేపు కోర్టు అయ్యాక నెలరోజులు మునుగు. ఎవరొద్దన్నారు?"

"వేడినీళ్ళ సత్రానికి తీసుకొచ్చి నీళ్ళు ముట్టుకోవద్దంటారా? తీసుకొచ్చింది మీరే కదా?"

"మంచుకి రోడ్డు మూసేస్తే ఇక్కడ ఆగాం. సరదాకి రాలేదు. పొద్దున మంచు తీసే బండి వస్తుంది, పోతాం."

"అయితే రేపు కోర్టుకి కూడా మీరే వెళ్ళండి. నేను చూడలేదు, నాకేం తెలీదు."

సెగావా ఆమె వంక తేరిపార చూస్తాడు. కసుమి గడ్డం వణుకుతోంది. మొండితనంతో కాదు. ఆ పిల్ల ప్రాణం విసిగిపోయింది. ఇంకొక్క మాట అంటే నిజంగానే లేచి వెళ్ళిపోయేలా ఉంది.

"ఆడవాళ్ళ స్నానాల వైపు నేను లోపలికి రాలేను. అది నీకు తెలుసా?"

ఒరినో కమలా తొక్కలు దగ్గరికి తీస్తూ మెల్లిగా అంటుంది, "నేను తోడు వెళ్తానండి. వీపు రుద్దిపెట్టడానికి మేం మామూలుగా వెళ్తూనే ఉంటాం. ఇప్పుడైతే మిగతా ఆడవాళ్ళంతా భోజనాల దగ్గరున్నారు. రద్దీ ఉండదు."

సెగావా ఆలోచిస్తాడు. కసుమి చూస్తోంది.

"సరే. పదిహేను నిమిషాలు. ఒరినో గారూ, ఈమె మీద నుంచి చూపు తిప్పకండి. వాచ్‌మన్ సంగతి తలుచుకుంటే నాకు గుండె దడ."

"చూపు తిప్పనండి."

ముగ్గురూ లేస్తారు. సెగావా గుమ్మంలోకి అడుగేస్తాడు...

ధడేల్!

మళ్ళీ అవే స్లిప్పర్లు. మళ్ళీ లోపలివైపే తిరిగి ఉన్నాయి! దెబ్బ తగిలిన మోకాలికే మళ్ళీ దెబ్బ.

"ఏం సత్రమండీ ఇది," అని గొణుగుతాడు. కసుమి ఈసారి నవ్వుతుంది. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి.

* * *

ఆడవాళ్ళ స్నానాల గది ముందు ఎర్ర తెర వేలాడుతోంది.

తెర కింద కసుమి వదిలిన స్లిప్పర్లు ఉన్నాయి. ఒరినో సాక్సులతోనే లోపలికెళ్ళింది. అందరివీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి, కలిసిపోకుండా నంబరు బిళ్ళలు తగిలిస్తారు. ఆమెది ఏడు.

సెగావా ఎదురుగా బల్ల మీద కూలబడతాడు. నడుం పట్టీలో దోపుకున్న రివాల్వర్ పొట్టలో గుచ్చుకుంటోంది. లోపలి నుంచి నీళ్ళ చప్పుడు. కసుమి ఏదో కూనిరాగం తీస్తోంది.

హమ్మయ్య.

అయిదు నిమిషాలు.

యజమానమ్మ ఫుమియే టీ పట్టుకుని వస్తుంది. డెబ్భై దగ్గరపడుతున్నా నిటారుగా నడుస్తుంది. "మోకాలికి మందు రాయమంటారా?" అని అడుగుతుంది.

సెగావా ఇక ఆపుకోలేడు.

"మందు తర్వాత. ముందు మీ గుమ్మాల సంగతి చూడండమ్మా. నిన్నటి నుంచీ గదిలోంచి బయటికొస్తే చాలు, పడుతున్నా. ఏ సత్రానికెళ్ళినా అతిథి లోపలికెళ్ళగానే స్లిప్పర్లు బయటివైపుకి తిప్పి పెడతారు. ఇంత పేరున్న సత్రం, ఇక్కడ ఆ మాత్రం చెయ్యరా?"

ఫుమియే మొహం మాడిపోతుంది.

"మా ఇంట్లోనా? ఆ మాట అనకండి. మా పనిపిల్లలకి చెయ్యి విరిగినా సరే, స్లిప్పర్లు తిప్పకుండా గుమ్మం దాటరు. అది చెప్పి చేయించే పని కాదు, నిద్రలో కూడా చేతులు అవే తిప్పేస్తాయి."

అంటూనే ఆమె వంగుతుంది. తెర కింద ఉన్న ఏడో నంబరు స్లిప్పర్లని రెండు చేతులతో తీసి, బయటివైపుకి తిప్పి పెడుతుంది. తను వంగినట్టు ఆమెకే తెలీదు. అంత అలవాటు.

లేచి, వాటి వంక అదోలా చూస్తుంది.

"లోపల ఎవరున్నారు?"

"కసుమి. వెనకాల మీ ఒరినో."

"ఒరినో... వెనకాలే వెళ్ళిందా? ఈ స్లిప్పర్లు దాటుకునే వెళ్ళిందా?"

"ఆ."

"మీ గదికి కూడా ఆమేనండీ. మా పాత మనిషికి జ్వరమొస్తే, నిన్న ఆఖరి బస్సులో వచ్చింది, మీ వెనకాలే. ఇరవై రెండేళ్ళు సత్రాల్లో చేశానని చీటీ చూపించింది..."

ఫుమియే మళ్ళీ స్లిప్పర్ల వంక చూస్తుంది.

ఇరవై రెండేళ్ళు చేసిన చేతులు... స్లిప్పర్లు తిప్పవా?

సెగావా తెర వైపు తిరుగుతాడు.

లోపల కూనిరాగం ఆగిపోయి ఎంతసేపైంది?

తొట్టిలో మునిగిన వాచ్‌మన్. కళ్ళు తిరిగి మునిగాడన్నారు. ప్రమాదమన్నారు!

చూపు తిప్పకండి అని తనే చెప్పాడు. చెప్పి, తనే లోపలికి పంపాడు.

టీ గిన్నె నేల మీద పగులుతుంది.

"ఆడవాళ్ళ వైపు అండీ అది!" ఫుమియే అలవాటుగా చెయ్యి అడ్డం పెడుతుంది. మరుక్షణం తనే చెయ్యి తీసేస్తుంది. "పొండి... పొండి!"

ఎర్ర తెర చిరుగుతుంది.

బట్టలు మార్చుకునే గది. ఎవరూ లేరు. బుట్టలో మడత పెట్టిన యుకతా.

లోపలి తలుపు. లోపల తొట్టి. ఎవరూ లేరు!

బయటి తలుపు లాగుతాడు.

ఆరుబయట కొలను. చుట్టూ బండరాళ్ళ మీద మంచు. పైనుంచి మంచు రాలుతోంది, కింద నుంచి ఆవిరి లేస్తోంది...

కళ్ళద్దాలు తెల్లగా కమ్ముకుపోతాయి!

"కసుమీ!"

జవాబు లేదు. నీళ్ళు తపతపా కొట్టుకుంటున్న చప్పుడు.

అద్దాలు తుడుస్తాడు. కమ్ముకుంటాయి. తీసి విసిరేస్తాడు. అవి లేకపోతే చెయ్యి చాపినంత దూరం కూడా సరిగ్గా కనపడదు. ఆవిరిలో రెండు ఆకారాలు. ఒకటి పైన. ఒకటి కింద. పైనున్నది కిందున్నదాన్ని నొక్కుతోంది.

రివాల్వర్ తీస్తాడు.

ఏది ఎవరు?

ఎదురు తిరిగి కసుమి పైకొచ్చిందేమో. ఆ పిల్ల లిఫ్టు తాళ్ళు లాగే పిల్ల, బలమున్న పిల్ల. కాల్చాడా... తొమ్మిది రోజులు కాపలా కాసిన మనిషిని తనే చంపుకున్నట్టు!

కాల్చకపోతే?

తపతపా కొట్టుకునే చప్పుడు తగ్గుతోంది.

"దేవుడా, ఒక్క క్షణం కనపడనీ..."

గాలి కదిలింది. కళ్ళు చికిలిస్తాడు. మొహాలు లేవు, చేతులు లేవు. పైనున్న ఆకారం వీపు మీద అడ్డంగా ఏదో గీత. మసకగా, అలుక్కుపోయినట్టు...

ఎరుపు.

చేతులు మడిచి కట్టిన ఎర్రటి తాడు!

ధాం!

లోయంతా మారుమోగుతుంది. చూరు మీది మంచు కొంచెం జారి కొలనులో పడుతుంది.

సెగావా ముందుకి దూకుతాడు. తడిరాయి మీద కాలు జారుతుంది. అదే మోకాలు. రివాల్వర్ చేతిలోంచి ఎగిరి నీళ్ళలో పడుతుంది. లేవబోతాడు. కాలు నిలవదు. మళ్ళీ ప్రయత్నిస్తాడు. కాలు నిలవదు!

నీళ్ళలో ఎవరో లేస్తున్నారు.

దగ్గుతున్నారు. ఆ దగ్గు ఎవరిదో పోల్చుకోలేడు.

బండ మీదికి పాకుతున్నారు. నిలబడ్డారు. తన వైపే నడుస్తున్నారు. చేతిలో ఆయుధం లేదు, కళ్ళకి చూపు లేదు. బోర్లా పడ్డ సెగావాకి కనిపించేది నేల ఒక్కటే.

ఆ నేల మీదికి పాదాలు రావాలి. తెల్ల సాక్సులా? వట్టి కాళ్ళా?

ఒక అడుగు.

ఇంకో అడుగు.

పాదాలు సరిగ్గా అతని మొహం ముందు ఆగుతాయి.

ఎర్రగా కమిలిన, తడిసిన, వట్టి కాళ్ళు.

సెగావా నుదురు రాయికి ఆనించి ఏడుస్తాడు. సిగ్గుపడకుండా ఏడుస్తాడు.

వెనకాల కొలనులో ఒరినో ఇక లేవదు. ఫుమియే తువ్వాలు తెచ్చి కసుమి చుట్టూ కప్పుతుంది. కసుమి పళ్ళు టకటకమంటున్నాయి. మెడ మీద వేళ్ళ అచ్చులు.

"పదిహేను నిమిషాలన్నారు," అంటుంది. "సగం కూడా కాకుండానే వచ్చేశారు."

గోడ పట్టుకుని బయటికి నడుస్తుంది. చిరిగిన తెర దాటుతుంది. కిందికి చూడదు. చూడక్కర్లేదు. ఏడో నంబరు స్లిప్పర్లు బయటివైపుకే తిరిగి ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే అందులోకి వెళ్ళిపోతాయి.