నిండు బ్యాటరీ

సోమవారం ఉదయం తొమ్మిదింబావుకి టెస్ట్ ట్రాక్ నర్సు హేబ్సిబాకి పిలుపొచ్చింది. చార్జింగ్ షెడ్డులో ఒక మనిషి పడి ఉన్నాడట. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు అందుకుని పరుగెత్తింది.

పడి ఉన్నది వీరేష్. కారంజా రేసింగ్ టీమ్‌లో బ్యాటరీ ఇంజనీరు. ముప్పై ఏళ్లు నిండలేదు. హేబ్సిబా మెడ దగ్గర నాడి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. ఛాతీ మీద పావుగంట సేపు ఒత్తింది. చుట్టూ నిలబడ్డవాళ్లకి ఒక నర్సు తన పని తాను చేసుకుంటున్నట్టే కనిపించింది. ఆమె కేంద్ర గూఢచారి విభాగం ఏజెంటు అనీ, ఎనిమిది నెలలుగా వీరేష్ ఆమెకి రహస్యంగా సమాచారం అందిస్తున్నాడనీ అక్కడ ఎవరికీ తెలియదు. నిన్న ఆమె చర్చి నుంచి బయటికొస్తుంటే అతను ఫోన్ చేశాడు.

"మేడం, చార్జ్ లెక్కలు కలుస్తలేవు. నా మీద ఎవరికో అనుమానం వచ్చింది. నన్ను బయటికి తియ్యున్రి."

"బుధవారం దాంక ఓపిక పట్టు వీరేష్," అంది తను.

అతను సోమవారం కూడా పూర్తిగా చూడలేదు.

"షాక్ కొట్టింది పాపం," అన్నాడు షెడ్డు సూపర్‌వైజరు సంగయ్య. "ఎనిమిది వందల వోల్టులు మరి. జర ఏమారితే ఖతం." పక్కనే టీమ్ కన్సల్టెంటు కార్ల్ వెస్టర్, విదేశీయుడు, టోపీ తీసి తల వంచుకుని నిలబడ్డాడు.

హేబ్సిబా వీరేష్ అరచేతులు తిప్పి చూసింది. రెండూ కాలి ఉన్నాయి. హై వోల్టేజ్ దగ్గర వీరేష్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే పని చేసేవాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉండేది. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందని కొత్తగా చేరిన ప్రతివాడికీ విసుగొచ్చేదాకా చెప్పేవాడు. అలాంటివాడు రెండు చేతులూ పెట్టడు. ఎవరో పెట్టించారు.

రిజిస్టరులో 'ప్రమాదం' అని రాసి సంతకం చేసింది. రాస్తున్నప్పుడు చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండు గంటలకి అంబులెన్స్‌లో తలుపేసుకుని కూర్చుని బీపీ మెషిన్ గాలి బుడ్డీని మూడుసార్లు నొక్కింది. డయలు వెనక సన్నని ఎర్ర లైటు వెలిగింది. హైదరాబాదు నుంచి చీఫ్ శివానంద్ గొంతు వినిపించింది.

"పేషెంట్ ఎలా ఉన్నాడు?"

"జ్వరం దిగలేదు." కోడ్ సరిపోయింది. "సర్, వీరేష్‌ని చంపిన్రు."

అటువైపు రెండు క్షణాల మౌనం. తర్వాత బ్రీఫింగ్ మొదలైంది. శివానంద్ ఎప్పుడూ అంతే. దుఃఖానికి రెండు క్షణాలకి మించి కేటాయించడు.

"మన టెక్నాలజీ మీద కన్నేసిన నార్త్‌లైట్ ముఠా పని. బుధవారం విదేశీ రేసింగ్ ప్రతినిధులు మన కారు చూడ్డానికి వస్తున్నారు. టెస్ట్ నెగ్గితే వచ్చే సీజన్‌లో ఇరవై రెండు ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీనీ మోటారునీ నడిపే మన కంట్రోలరే ఉంటుంది. ఆ తర్వాత అదే టెక్నాలజీ మన సైన్యం బండ్లలోకి. నార్త్‌లైట్‌కి మింగుడుపడనిది అదే."

"టెస్ట్ ఆపున్రి సర్."

"ఆపితే ముఠా మనిషి మాయమవుతాడు. వాడి పేరైనా తెలియదు మనకి. అర్చితని కలువు."

"ఆమె రెండు దిక్కుల పనిచేస్తది."

"అందుకే రెండు వైపుల సంగతులూ ఆమెకే తెలుసు. బుధవారం దాకా ఓపిక పట్టు."

ఆ ఆఖరి మాట విన్నాక హేబ్సిబా చాలాసేపు అంబులెన్స్ దిగలేదు. తను వీరేష్‌కి చెప్పిన మాట ఎక్కడ నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది.

మంగళవారం పొద్దున గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో కందుల లారీలు దిగుతున్నాయి. హమాలీల అరుపులు, గోనెసంచుల దుమ్ము. పాత నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో, హేబ్సిబా అయిదారు కొట్లలో బేరమాడింది. అప్పుడు వచ్చింది అర్చిత. టీమ్‌లో ఎనర్జీ స్ట్రాటజిస్టు. రేసులో ఎంత కరెంటు ఎప్పుడు వాడాలో లెక్కగట్టే మనిషి. మీగడ రంగు పట్టు కుర్తా, నల్ల కళ్లద్దాలు. బస్తాలు మోస్తున్న హమాలీలు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చారు. నార్త్‌లైట్ ఆమెని రెండేళ్ల కిందట కొన్నది. ఏడాది కిందట హేబ్సిబా పట్టుకుని తమ వైపు తిప్పుకుంది. పూర్తిగా తిరిగిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అర్చిత గుప్పెడు పప్పు చేతిలోకి తీసుకుంది. "కొత్తదా, నిరుటిదా?"

"ఉడికితే తెలుస్తది," అంది హేబ్సిబా. అదే కోడ్.

ఇద్దరూ బస్తాల వెనక్కి నడిచారు. అర్చిత గొంతు తగ్గించింది.

"వాళ్లకు సాఫ్ట్‌వేర్ కాపీ ఒక్కటే కావాలె. రేపు కారు నడుస్తుంటే తీసుకుంటరు. కారుకు ఏం కాదు. డ్రైవర్ ప్రణయ్‌కి ఏం కాదు. నాకు మాటిచ్చిన్రు."

"ఎవరిచ్చిన్రు?"

"పేరు చెప్తే నేను బతకను. రేపు టెస్ట్ అయినంక చెప్తా. భరోసా పెట్టున్రి మేడం."

"వీరేష్‌కు నేనూ బుధవారమనే చెప్పిన."

అర్చిత చేతిలో పప్పు జారి కింద పడింది. నల్లద్దాల వెనక కళ్లు కనిపించలేదు కానీ పెదవులు తెల్లబడ్డాయి. గబగబా వెళ్లిపోయింది.

బుధవారం. కమఠాణ ఊరు దాటాక ఎర్రనేల మీద పరిచిన మూడు కిలోమీటర్ల ట్రాక్. షామియానా కింద విదేశీ ప్రతినిధులు. మెడికల్ రూములో డ్రైవర్ ప్రణయ్ బీపీ చూపించుకుంటున్నాడు. జహీరాబాద్ కుర్రాడు, ఇరవై మూడేళ్లు, నోరు మూతపడదు.

"అక్కా, ఈ బండికి వెనుక చక్రాలకు బ్రేకులే లేవు, ఎరుకేనా?"

"మరెట్ల ఆగుతది?"

"మోటారే ఆపుతది. నేను పెడల్ తొక్కితే మోటారు జనరేటర్ లెక్క పనిచేసి బండిని పట్టి గుంజుతది. ఆ కరెంటు వాపస్ బ్యాటరీలకు పోతది. పెట్రోల్ బండిల బ్రేకేస్తే వేడి తప్ప ఏమొస్తది చెప్పు? మాకు రేసుల సగం కరెంటు బ్రేకుల నుంచే రావాలె. గట్టిగ తొక్కెటోడు గెలువడు అక్కా. యాడ కాలు తియ్యాల్నో తెలిసినోడు గెలుస్తడు."

బీపీ నూట ఇరవై. కుర్రాడు గుర్రంలా ఉన్నాడు. హేబ్సిబా చేతిలో పెన్ను ఫిట్‌నెస్ ఫారం మీద ఆగిపోయింది. నూట అరవై అని రాస్తే చాలు, వీడు ఇవాళ కారెక్కడు. ముఠా మనిషి తప్పించుకుంటాడు, శివానంద్ తిడతాడు. అంతే. ఒక్క అంకె.

"ఏమైందక్కా? ఏమన్న తేడా ఉందా?"

"ఏం లేదు." ఫిట్ అని రాసింది. ఆరేళ్ల ఉద్యోగం ఆ చేతిని అలా తయారుచేసింది.

కారు బయల్దేరింది. ఇంజన్ మోత లేదు. సన్నటి ఈల, టైర్ల కరకర, అంతే. మొదటి చుట్టు, అంటే అవుట్ ల్యాప్, నెమ్మదిగా తిరిగి, రెండో ల్యాప్‌లో పూర్తి వేగం అందుకోవాలి.

అప్పుడు మెడికల్ రూము తలుపు తోసుకుని అర్చిత వచ్చింది. కళ్లద్దాలు లేవు. కళ్లు ఏడ్చి ఉన్నాయి.

"మేడం, బ్యాటరీ నిండుగుంది. ప్రణయ్ డాష్‌బోర్డు మీద ఎనభై ఎనిమిది శాతం చూపిస్తాంది. అది దొంగ లెక్క. అసలు డేటా ఇప్పుడే చూసిన. నూరుకు నూరు."

"నిండితే ఏమైతది?"

"నిండిన కుండల నీళ్లు పోసినట్టే. బ్రేకు నుంచొచ్చే కరెంటుకు లోపల జాగా ఉండది. కంట్రోలర్ రానియ్యది. వెనుక చక్రాలు ఆగయి. మెల్లగ పోతే ముందటి చిన్న బ్రేకులతోని నడుస్తది, వానికి తెల్వది. ఫుల్ స్పీడ్‌ల మొదటి మూల కాడ తొక్కినప్పుడే తెలుస్తది. అక్కడ గోడ ఉంది."

"ఎవరు చేసిన్రు?"

"వెస్టర్." కళ్లు తుడుచుకుంది. "వీరేష్‌కు లెక్క దొరికిందని వెస్టర్‌కు చెప్పింది నేనే. బెదిరిస్తడనుకున్న. చంపుతడనుకోలే."

హేబ్సిబా ఆమె చెంప పగలగొట్టాలనుకుంది. టైము లేదు. గోడ మీది రేడియో అందుకుంది. గరగర తప్ప ఏమీ లేదు. బీపీ మెషిన్‌లో దాచిన సిగ్నల్ స్కానర్ ముల్లు చివరిదాకా కొట్టుకుంటోంది. ఎవరో సిగ్నళ్లు అడ్డుకునే జామర్ పెట్టారు. కారుని ఆపే ఎర్ర లైట్లు ట్రాక్ మీద వెలిగించే కంట్రోల్ రూములో వెస్టర్ మనుషులే కూర్చున్నారు.

"ఇంకెంత టైముంది?"

"నిమిషం కూడా లేదు."

ఇద్దరూ ట్రాక్ పక్కనున్న పిట్ గోడ వైపు పరుగెత్తారు. అక్కడ డ్రైవర్‌కి ల్యాప్ టైము చూపించే పెద్ద నల్ల బోర్డు ఆనించి ఉంది. దాన్ని వెనక్కి తిప్పింది హేబ్సిబా. టైర్ల మీద నంబర్లేసే పసుపు పెయింటు డబ్బాలో కుంచె ముంచి, మూరెడు మూరెడు అక్షరాలు రాసింది. 'బ్రేకు లేదు.' ఇంగ్లీషులో రాయాలని ఆమెకి తట్టనే లేదు. తట్టకపోవడమే మేలైంది.

ఎందుకంటే పది అడుగుల దూరంలో వెస్టర్ నిలబడి ఉన్నాడు. గబగబా వచ్చాడు. కుడి చెయ్యి కోటు లోపలికి పోయింది.

"ఏమిటది? ఏం రాశారు?" ఇంగ్లీషులో గద్దించాడు.

అర్చిత వెనక్కి తిరిగింది. ఏడ్చిన కళ్లతోనే, పార్టీలో పలకరించినట్టు, హాయిగా నవ్వింది.

"ఆల్ ది బెస్ట్ అని రాశాం కార్ల్. మా దగ్గర ఇది ఆచారం. కావాలంటే నువ్వూ ఒక చెయ్యి వెయ్యి."

వెస్టర్ బోర్డు వైపు చూశాడు. ఆ గుండ్రటి అక్షరాలు అతనికి ముగ్గులా కనిపించి ఉంటాయి. ఆమె ముఖం వైపు చూశాడు. అనుమానం తీరడానికి అతనికి నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లే కావాలి.

కారు మూల తిరిగి పిట్ ముందున్న తిన్నని దారిలోకి వచ్చింది. గంటకి రెండు వందల అరవై కిలోమీటర్లు. హేబ్సిబా, అర్చిత చెరో వైపు పట్టుకుని బోర్డు పైకెత్తారు. ఈల దగ్గరికొచ్చింది, గాలి మొహాన కొట్టింది, కారు దాటిపోయింది.

చదివాడా?

మామూలు రేసు కారైతే మోత తగ్గడం బట్టి కాలు తీశాడని తెలిసేది. దీనికి మోత లేదు. హేబ్సిబా బోర్డు ఎత్తి పట్టుకునే ఉంది, చేతులు దించడం మరిచిపోయి. దూరంగా కారు మూల తిరగలేదు. నేరుగా పోయింది, ట్రాక్ దాటి, అదుపు తప్పిన కార్లని ఆపడానికి ఎర్రమొరం పోసిన గుంటలోకి. తాటిచెట్టంత దుమ్ము లేచింది. గోడ కనిపించకుండా పోయింది.

హేబ్సిబా బోర్డు వదిలేసి పరుగెత్తింది. నాలుగు వందల మీటర్లు. పరుగెత్తినంతసేపూ 'ఫిట్' అని రాసిన ఫారమే కళ్లముందు ఆడింది. వెనక ఏవో అరుపులు వినిపించాయి. అర్చిత చూపించగానే క్యాటరింగ్ వాళ్ల వేషంలో ఉన్న శివానంద్ మనుషులు టీ ట్రేలు పడేసి వెస్టర్ మీద పడ్డారు. ఆమె తిరిగి చూడలేదు.

దుమ్ము సర్దుకుంది. కారు ముక్కుకీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. ప్రణయ్ హెల్మెట్ తీసి ఆ సందులోనే కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"చదివి కాలు తీసిన అక్కా. అయినా వెనుక చక్రాలు పట్టలే." ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నీకు ముందుగాల్నే తెల్సా?"

"ఇప్పుడే తెలిసింది," అంది. అది సగం నిజం. మిగతా సగం వాడికి చెప్పే ధైర్యం ఆమెకి లేకపోయింది.

పిట్‌లో అర్చితని జీపు ఎక్కిస్తున్నారు. వెస్టర్ జేబులో జామర్ దొరికింది, కోటులో పిస్టల్ దొరికింది, లాప్‌టాప్‌లో చార్జ్ లెక్కలు మార్చిన ప్రోగ్రాం దొరికింది. అర్చిత సాక్ష్యం చెబుతానని అప్పటికే ఒప్పుకుంది.

"మేడం, నన్ను మాఫ్ చేస్తరా?"

హేబ్సిబా ఆమె చేతుల కేసి చూసింది. గోళ్ల నిండా పసుపు పెయింటు. తన గోళ్లలోనూ అదే.

"మాఫ్ చెయ్యాల్సినోళ్లు బసవకళ్యాణ్‌ల, వీరేష్ ఇంట్ల ఉన్నరు. వాళ్ల దగ్గరికి మనిద్దరం పోవాలె. నువ్వు పోలేవు. నేను పోతా."

మర్నాడు కంపెనీ ప్రకటన పేపర్లలో వచ్చింది. 'అత్యవసర బ్రేకింగ్ పరీక్ష విజయవంతం.' ప్రతినిధులకి మాత్రం అసలు సంగతి చెప్పి, అసలు డేటా చూపించారు. నెల తర్వాత మళ్లీ వస్తామన్నారు.

ఆ పేపరే బసవకళ్యాణ్‌లో వీరేష్ తండ్రి మల్లప్ప చేతిలో ఉంది. గడపలో కూర్చున్నాడు. రిటైరైన బస్ డ్రైవరు. హేబ్సిబా ఎవరో, ఎందుకొచ్చిందో అడగలేదు. మంచినీళ్లిచ్చి, కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా అన్నాడు.

"మా వాడు పోయిన వారం వచ్చినప్పుడు అన్నం సరిగ తినలే. బ్రేకు గురించే పరేషాన్ అయితుండె. ఇగ పేపర్ల బండి ఆగిందని రాసిన్రు. నిజమేనా అమ్మా?"

"నిజమే బాబాయ్. మీ వాడు ఆ తప్పు పట్టుకున్నందుకే ఆగింది. లేకుంటే ఒక పిల్లగాడు సచ్చిపోతుండె."

మల్లప్ప తలూపాడు. "నేను ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. బండి ఉరికిచ్చుడు ఎవరైనా చేస్తరు."

వీరేష్‌ది ప్రమాదం కాదని, అతను కాపాడమని అడిగితే ఆగమన్నది తానేనని హేబ్సిబా అప్పుడు చెప్పింది. డిపార్ట్‌మెంటు చెప్పొద్దన్న ప్రతి మాటా చెప్పింది. ముసలాయన పేపరు మడిచి గడప మీద పెట్టాడు. లేచి లోపలికి వెళ్లాడు. తిరిగి రాలేదు. తలుపు మాత్రం వేయలేదు.

బస్టాండులో ఫోన్ మోగింది. శివానంద్.

"రిపోర్టు ఇంకా రాలేదు. ఎక్కడున్నావు?"

"బసవకళ్యాణ్‌ల సర్."

"అక్కడ మనకేం పని?"

"మన డిపార్ట్‌మెంటు బండికి బ్రేకులున్నయా లేవా చూస్తున్న సర్," అంది హేబ్సిబా. "ఇప్పటిదాంకనైతే కనపడలే."