సున్నా దగ్గర మిగిలేది

నవంబరు తొమ్మిది. మేష్టారికి ఆ రోజు బాగా గుర్తు. పొద్దున తిన్నది మాడిన బ్రెడ్డు, ఒక ఉడికిన గుడ్డు. రెండో గుడ్డు ఎప్పటిలాగే గిన్నెలో మిగిలిపోయింది. భార్య పోయి ఏడాదైనా ఆయనకింకా ఒక్క గుడ్డే ఉడకబెట్టడం చేతకాలేదు.

మధ్యాహ్నానికల్లా గూఢచారి శాఖ చీఫ్ ఎదుట కూర్చున్నారు.

"రసాయనాల ఫ్యాక్టరీ. వేడి చూపే ప్రోగ్రాంలో విదేశీ ముఠా చెయ్యి పెట్టింది. ట్యాంకు పేలిందంటే పక్క కాలనీ ఉండదు. జనాన్ని ఖాళీ చేయించే టైము లేదు."

"చేత్తో ఆపలేరా?"

"ఆ వైర్లు కోసేశారు. నూట ఎనభై డిగ్రీలు దాటిందని ప్రోగ్రాం ఒప్పుకుంటేనే వాల్వు తెరుచుకుంటుంది. అది ఒప్పుకోదు. కోడంతా జల్లెడ పట్టాం, ఒక్క అంకె మారలేదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "అందులో వేడి లెక్క కట్టే కోడు ముక్క, ఆ లైబ్రరీ, మీ ఆవిడ రాసిందయ్యా. కంట్రోల్ రూమ్‌లో ముఠా కాపలా ఉంది, మన గూఢచారి నెమలీ ఉంది. ఆమెను ముఠా తమ మనిషే అనుకుంటోంది."

గంట తిరక్కుండా ఏసీ మెకానిక్ వేషంలో మేష్టారు కంట్రోల్ రూమ్‌లోకి వచ్చారు.

"లోపల చలిగా ఉందా అమ్మా?"

"బయటికన్నా నయమే," అంది నెమలి. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు. రహస్య సంకేతం సరిపోయింది. ఆమె వెనక కుర్చీలో ముఠా కాపలావాడు. వాడి ఒళ్ళో పేపరు, పేపరు కింద పిస్టల్.

"తొందరగా కానీ, ముసలాయనా," అన్నాడు వాడు.

మేష్టారు ఏసీ వెనక్కి దూరి, మీటరులాంటి బుల్లి కంప్యూటర్‌ని కేబుల్‌కి తగిలించారు. తెర మీద ఆమె లైబ్రరీ తెరుచుకుంది. పట్టుమని యాభై లైన్లు లేవు. సెన్సార్ పంపే వోల్టేజీ x. దాన్ని ఒక బహుపదిలో వేస్తే వేడి ఎంతో వస్తుంది. ఇప్పుడు నూట ముప్పై తొమ్మిది అంటోంది. గోడ అవతల ట్యాంకు మాత్రం మూలుగుతోంది.

మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టయింది.

'ముందు సున్నా పెట్టి చూడండి. అన్నీ పోగా స్థిరపదం ఒక్కటే మిగులుతుంది.'

ఆయన వెనక్కి తిరగలేదు. x దగ్గర సున్నా కొట్టారు. సెన్సార్ కాగితం ప్రకారం ఇరవై రావాలి. మూడు వచ్చింది.

అంకెలన్నీ సరైనవే. వరస తలకిందులైంది. ఆమె లైబ్రరీకి స్థిరపదం మొదట ఇవ్వాలి, ఇక్కడ చివర ఉంది. ఆయన వరస తిప్పారు.

"ఏంటి, ఏసీ బాగుచెయ్యడానికి ఆ టైపింగెందుకు?" కాపలావాడు లేచాడు.

తెర మీద నూట ముప్పై తొమ్మిది కాస్తా రెండు వందల పదిహేనైంది. సైరన్ మోగింది. వాల్వు తెరుచుకుని ఆవిరి బుసకొట్టింది. వాడు ఉలిక్కిపడిన ఆ క్షణంలోనే పిస్టల్ నెమలి చేతికి మారింది.

వాణ్ని పోలీసులు తీసుకుపోయాక ఆమె గోడకు ఆనుకుంది.

"వరస తిప్పింది నేనే మేష్టారూ. వాళ్ళు చెప్పింది చెయ్యకపోతే చంపేస్తారు. అంకెలే మారిస్తే అన్నీ మళ్ళీ కొట్టే టైముండదు. వరస తిప్పితే మేడమ్ చూడగానే పట్టేస్తారని... ఆవిడ దగ్గరేగా నేర్చుకున్నాను. రెండేళ్ళుగా ఈ ముఠాలోనే ఉన్నాను, ఆవిడే వస్తారనుకున్నా."

"ఆవిడ పోయి ఏడాదైందమ్మా."

నెమలి కళ్ళద్దాలు తీసింది.

"మరి సున్నా పెట్టమని మీకెవరు చెప్పారు?"

"ఆవిడే. బతికుండగా ఎన్నడైనా నా మాట విన్నారా అని దెప్పింది కూడా."

నెమలి లైట్లు ఆర్పింది. లోపల ఎవరో ఇంకా పని చేసుకుంటున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు మూసింది.