రీలు మారే చోట

ఆదివారం పొద్దున్న తొమ్మిదైంది. నాన్న పేపరు చదువుతున్నాడు, అమ్మ చిక్కుళ్ళు గిల్లుతోంది, కూతురు టీవీ వెనక వైర్లతో కుస్తీ పడుతోంది.

నాన్న ముప్ఫయ్యొక్కేళ్ళు థియేటర్లో ప్రొజెక్టర్ నడిపి రిటైరైన మనిషి. కూతురిది పాత సినిమాల మీది దుమ్మూ గీతలూ కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ తుడిచి, ఇంట్లో చూసుకునే డిస్కులుగా మార్చే ఉద్యోగం. దీనికోసం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వదిలేసి ఏడాదైంది. అప్పట్నుంచీ నాన్న ఆమెను "ఇంజనీరమ్మా" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇవాళ ఆమె తెచ్చిన డిస్కు మామూలుది కాదు. నాన్న థియేటర్లో పదకొండు వారాలు ఆడిన కామెడీ అది. రంగులేసే ఇద్దరు పనివాళ్ళు, ఒక నిచ్చెన, సినిమా అంతా పడటం, లేవటం, మళ్ళీ పడటం. తర్వాత ప్రింట్లన్నీ పాడైపోయి టీవీలో కూడా ఎప్పుడూ రాలేదు. దాన్ని బాగుచేయడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. ఇది కూడా పనేనని నాన్న ఒప్పుకుంటే చాలు, అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

"ఏవండీ, పేపర్లో అక్షరాలు పారిపోవులెండి. రండి," అంది అమ్మ.

"వస్తున్నా. ఇంజనీరమ్మ ఏం కడిగిందో చూద్దాం."

బొమ్మ మొదలైన రెండో నిమిషానికే అమ్మ చిక్కుళ్ళు వదిలేసింది. "ఓరి వీడి దుంపతెగ! బకెట్లో కాలు పెట్టాడే!"

కూతురు మాత్రం నాన్న మొహమే చూస్తోంది. ఆయన నవ్వడం లేదు. రెప్ప వేయకుండా తెర కుడివైపు పైమూలకే చూస్తున్నాడు. తప్పు వెతుకుతున్నాడన్నమాట! పది నిమిషాలు గడిచేసరికి ఆయన చేతులు ఒళ్ళోంచి సగం పైకి లేచాయి.

"చుక్క ఏదీ?"

"ఏ చుక్క నాన్నా?"

"రీలు అయిపోయేముందు మూలన గుండ్రటి చుక్క పడుతుందే! మొదటి చుక్కకి రెండో మిషన్ తిప్పాలి, రెండో చుక్కకి బొమ్మ దానిమీదికి మార్చాలి. ఏం చేశావ్ వాటిని?"

"అవా? మచ్చల్తో పాటు తీసేశాం. ఇప్పుడు రీళ్ళెక్కడివి?"

"మచ్చలా! ముప్ఫై ఏళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని చూసింది నీకు మచ్చా?"

అదే క్షణంలో తెరమీద ఏదో జరిగింది. అమ్మ పొట్ట పట్టుకుని సోఫాలో పక్కకి ఒరిగిపోయింది. కూతురికి మాత్రం ఒళ్ళు మండింది.

"ఏడు నెలలు కళ్ళు పోయేలా పనిచేశాను. నీకు కనపడింది చుక్కొక్కటేనా? ఏడాదిగా ఎత్తిపొడుస్తూనే ఉన్నావు. పోనీ, సినిమా అయినా చూశావా? అమ్మ అంతలా నవ్వుతుంటే మూలకి చూస్తూ కూర్చున్నావు!"

నాన్న గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం చూసి నవ్వింది?"

"ఏంటీ?"

"మీ అమ్మ. ఇప్పుడు ఏం చూసి నవ్వింది?"

అమ్మ డిస్కు ఆపింది. "అదేంటండీ, బోర్డు సీను! మీరు ఎన్ని వందలసార్లు చూసుంటారు!"

"ఒక్కసారీ చూళ్ళేదు. అది సరిగ్గా రీలు మారే చోట పడేది. బొమ్మ మార్చి, ప్రొజెక్టర్ దీపంలో మండే కార్బన్ కడ్డీ సరిచేసి, అయిపోయిన రీలు దించేసరికి సీను దాటిపోయేది. హాల్లో నవ్వులకి నా గది గోడ అదిరేది. ఎవర్నైనా అడుగుదామంటే నామోషీ. సినిమా ఆడించేవాడికే సినిమా తెలీదంటే నవ్విపోరూ?"

"నాకైనా చెప్పలేదే!" అంది అమ్మ.

"నువ్వు మాత్రం అడిగావా?"

కూతురి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆయన తప్పు వెతకలేదు. ఆయన కళ్ళకి తెరమీద వేరే చోటు తెలీదు, అంతే. ఇవాళ కూడా, రాని చుక్క కోసం చూస్తూ, ఆ సీను మళ్ళీ పోగొట్టుకున్నాడు.

ఆమె రెండు నిమిషాలు వెనక్కి తిప్పి, టీవీ పక్కన నిలబడి, కుడి పైమూలని అరచేత్తో మూసింది.

"రీలు సంగతి నేను చూసుకుంటా నాన్నా. నువ్వు మధ్యలో చూడు."

నిచ్చెనెక్కి ఒకడు కొట్టు బోర్డు మీద అక్షరాలు రాస్తున్నాడు. కిందివాడు నిచ్చెన తీసుకుని ఈలేసుకుంటూ వెళ్ళిపోయాడు. పైవాడు బోర్డు అంచు పట్టుకుని గాల్లో ఉన్న సంగతి తెలియక ఇంకో అక్షరం దిద్దాడు. కిందికి చూశాడు. తర్వాత, ఎంతో మర్యాదగా, లేని మెట్టు మీద కాలు పెట్టాడు.

నాన్న నవ్వు దగ్గులా మొదలైంది. భుజాలు కదిలాయి. ఆపైన ఇక ఆగలేదు. "ఇదా! ఓరి నాయనో, ఇదా! మళ్ళీ వెయ్యి... మళ్ళీ!"

నాలుగుసార్లు వేయించుకుని, పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఇక్కడ గీతలెన్ని ఉండేవే?"

ఆమె లాప్‌టాప్ తెచ్చి పాత ఫ్రేము చూపించింది. తెరంతా గీతల జోరువాన. మనిషెక్కడో, బోర్డెక్కడో కష్టంగా కనపడుతున్నాయి. నాన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"వీటిలో కొన్ని నేను గీసినవే అయ్యుంటాయమ్మా. ఆట ఆటకీ మిషన్ తుడవాలి, లేకపోతే దుమ్ము ఫిల్ముని గీకేస్తుంది. రద్దీ రోజుల్లో కొన్నిసార్లు తుడవలేదు. ఎవరు చూస్తార్లే అనుకున్నాను."

ఆమె కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

నాన్న తన కుర్చీ లాక్కొచ్చి ఆమె కుర్చీకి ఆనించాడు.

"ఒక్కో గీతా ఎలా తీస్తావో చూపించు. నిదానంగా. నాకు వెంటనే అర్థంకాదు."