హీలియం మట్టం

మా ల్యాబ్ ఊరి బయట, గమ్హరియా వెళ్ళే దారిలో, ఫ్యాక్టరీ షెడ్ల మధ్య ఒక పాత భవనంలో ఉండేది. జూలై నెల, మంగళవారం. మధ్యాహ్నం భోజనాలు కాగానే పని మొదలుపెట్టాం. ముగ్గురమే. నేను, శ్వేత, అప్పన్న బాబాయ్.

శ్వేతది రాంచీ. తెలుగు ఒక్క ముక్క రాదు. అప్పన్న బాబాయ్ మా నాన్నతో పాటు టెక్కలి నుంచి వచ్చినవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ టెక్నీషియన్. నేను పిహెచ్‌డి చేస్తున్నా ఆయనకింకా "రోయిణి పాప"నే.

చెప్పడానికి మా పని చిన్నదే. ఎక్సైమర్ లేజర్ నుంచి వచ్చే అతినీలలోహిత వెలుగు ఒక లోహపు రేకుకి తగిలితే అందులోంచి ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. వాటిని ద్రవ హీలియం మీద పొరలా నిలబెట్టాలి. నాలుగేళ్ళయినా నాకు ఒక్కసారీ నిలబడలేదు. కోల్‌కతా నుంచి లారీలో వచ్చిన ఆ ఒక్క పీపా హీలియమే మిగిలింది. అదీ ఆవిరైపోతే ప్రాజెక్టుకి తాళమే.

హీలియం ఉండే ఉక్కు ఫ్లాస్కు లోపలి గదిలో నిలువెత్తు కంటే ఎత్తుగా ఉంటుంది. పైనుంచి పోయాలి. అందుకని కప్పుకి దగ్గరగా ఇనప ప్లాట్‌ఫాం కట్టారు. బాబాయ్ అక్కడ కూర్చుని, మట్టం ఎన్ని సెంటీమీటర్లుందో ఇంటర్‌కంలో చెబుతాడు. బయటి గదిలో లేజర్ దగ్గర నేనూ శ్వేతా. వెలుగు సోకితే కొలత చెడుతుంది. కిటికీలకి నల్ల గుడ్డ కట్టి, తలుపులు మూసి, లైట్లు ఆపేశాం.

పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. లేజర్ టక్... టక్... మని కొట్టుకుంటోంది. ముక్కుని పట్టేసే లేజర్ ఘాటు వాసన. ఎక్కడో పంపు గురక.

"నలభై," అన్నాడు బాబాయ్, ఇంటర్‌కంలో.

కొంతసేపటికి, "ముప్పై ఎనిమిది."

మూడు గంటలు దాటాక, తెర మీద ఎలక్ట్రాన్ల జాడ చూపే గీత వణికింది. లేచింది. అలాగే నిలబడిపోయింది. శ్వేత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బాబాయ్! నిలబడ్డాయి!"

"సూత్తన్నా పాపా."

గొంతు సన్నగా, కీచుగా, పసిపిల్ల గొంతులా ఉంది. హీలియం పీలిస్తే అలాగే అవుతుంది. శ్వేత పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వు సగంలో ఆగిపోయింది. పైన గ్యాస్ కారుతోంది. దానికి వాసన ఉండదు. తేలిక కాబట్టి కప్పు కిందే చేరి గాలిని తోసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం ఉన్నది కింద, గోడకి. అది మోగదు.

"బాబాయ్, దిగిపో."

"ముప్పై ఆరు."

"దిగు బాబాయ్!"

"ఏటవదు... నీ పని కానీ పాపా... ముప్పై నాలుగు."

నేను లేవాలి. లేవలేదు. గీత ఇంకా నిలబడే ఉంది. ఒక్క నిమిషం రికార్డయితే చాలు. మాట్లాడుతున్నాడు కదా... బాగానే ఉన్నాడు కదా... అనుకున్నాను. ఆ నిమిషం నాదే. ఎవరి మీదికీ నెట్టలేను.

"ముప్పై రెండు."

లైట్లు వేశాను. శ్వేత తలుపులన్నీ బార్లా తెరిచింది. నేను ఊపిరి బిగబట్టి ఇనప మెట్లెక్కాను.

బాబాయ్ రెయిలింగుకి ఒరిగి కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు నీలం. చెయ్యి ముట్టుకున్నాను... చల్లగా ఉంది.

బయటి గదిలో ఇంటర్‌కం పలికింది.

"ముప్పై."

నేను ఆయన పెదాలనే చూస్తున్నాను. అవి కదల్లేదు.

ప్రాణం పోయి కనీసం గంటన్నర అయిందన్నాడు డాక్టర్. మేం మొదటి అంకె, ఆ "నలభై", విని అప్పటికి గంటైనా కాలేదు.

ల్యాబ్‌కి సీలు వేశారు. హీలియం అంతా ఆవిరైపోయింది. ఆ గీత ఉన్న ఫైలు నేనింతవరకూ తెరవలేదు. బాబాయ్ భార్య కస్తూరమ్మ పిన్ని నన్ను ఒక్క మాట తిట్టలేదు. "ఆకర్న ఏటన్నాడే మీ బాబాయ్?" అని మాత్రం అడిగింది.

అయిదో రోజు పొద్దున శ్వేత రాంచీ నుంచి ఫోన్ చేసింది. హిందీలోనే మెల్లగా అడిగింది.

"దీదీ, తెలుగులో 'ఎక్కు' అంటే ఏమిటి?"

"ఎక్కడ విన్నావ్?"

"మా పాప... నిద్ర లేచినప్పటి నుంచీ అదే అంటోంది. పైకి చూస్తూ."

దాని పాపకి మూడేళ్ళు. నన్ను గానీ, బాబాయ్‌ని గానీ ఎప్పుడూ చూడలేదు.

"చఢో... అని అర్థం," అన్నాను.

అవతల ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడు.

"శ్వేతా? ఏమిటది?"

"పక్క గదిలో... పాప ఒక్కతే ఉంది దీదీ." అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత గుసగుస.

"మంచం మీద బల్ల ఉంది... బల్ల మీద కుర్చీ... కుర్చీ మీద పాప, కప్పుకి దగ్గరగా... ఆ బల్ల నాకే లేవదు దీదీ."