ఎనిమిది కాళ్ల చిప్పు

"మధ్యాహ్నం పన్నెండింటికి క్లోరిన్ వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. ఆపు." డైరెక్టర్ ఫోన్ పెట్టేశాడు.

ఆ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో మౌని అంటారు. మీటర్ రీడర్ వేషంలో అతను పంపింగ్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లోకి అడుగుపెడితే, ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు తల కూడా ఎత్తలేదు.

"మీసం ఊడుతోంది, తీసెయ్ తమ్ముడూ."

ఆవిడ అతని సొంత అక్క.

విదేశీ ముఠా వాల్వు మోటారుకి ఒక నల్ల పెట్టె బిగించింది. వైరు తెంచితే వాల్వు వెంటనే తెరుచుకుంటుంది. ఆపే కోడ్‌ని మౌని మూడు వారాలు తిరిగి దొంగిలించాడు. దాన్ని పెట్టెలోకి పంపడానికి అక్క మైక్రోకంట్రోలర్ బోర్డు తయారుచేసింది. కలిపీ కలపగానే లైన్లోంచి వోల్టేజీ తన్నుకొచ్చి బోర్డు మాడిపోయింది. రెండోదీ అంతే. ఇక మిగిలింది ఒక్కటే.

"మధ్యలో ఆప్టోఐసోలేటర్ ఉండాల్రా. లోపల ఇటు చిన్న దీపం, అటు దాన్ని చూసే కన్ను. వైరు ఉండదు, వెలుతురొక్కటే దాటుతుంది. వోల్టేజీ మన వైపు రాదు."

"ఏదో ఒకటి పెట్టెయ్యక్కా."

"మామూలుది నెమ్మది. ఈ కోడ్ సెకనుకి పది లక్షల బిట్లు. అంతా అలికినట్టయిపోతుంది. ఫాస్ట్ రకం కావాలి, ఎనిమిది కాళ్లది."

మౌని జేబులోంచి పొట్లం తీశాడు. అందులో ఎనిమిది కాళ్ల చిప్పు. పెట్టెకి ఇదే కావాలంటూ పొద్దున స్పేర్‌పార్ట్స్ షాపు యజమానురాలు ఇచ్చింది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు. ఆమె మారుపేరు నెమలి.

అక్క దూదికి థిన్నర్ అద్ది చిప్పు మీద రుద్దింది. నంబరు చెరిగి, కింద ఇంకో నంబరు బయటపడింది.

"పేరు మార్చిన సరుకు. లోపలున్నది నెమ్మదిదే."

పదకొండు నలభై ఆరు. మౌని బయటికి పరుగెత్తాడు. పన్నెండు దాటేదాకా ఆమెని కనుచూపు మేరలో ఉంచమన్న డైరెక్టర్ ఆర్డరు ప్రకారం నెమలి అతని కారులోనే ఉంది. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, చేతిలో లిప్‌స్టిక్.

"దొంగ చిప్పు ఎందుకిచ్చావు?"

"ఒక్క రోజు నీళ్లు రాకపోతే కొంప మునగదులే."

"నీళ్లు ఆగవు. క్లోరిన్ కలుస్తుంది."

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. "క్లోరినా? ముఠా నాకలా చెప్పలేదే! మా అమ్మ డయాలసిస్‌లో ఉంది, ఆ మెషీన్‌కీ ఈ నీళ్లే. ఇప్పుడు, ఈ గంటలోనే!"

లిప్‌స్టిక్ అడుగు తిప్పి ఇంకో చిప్పు తీసింది. "ఇదీ అసలుది."

మౌని దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. అదే నలుపు, అవే ఎనిమిది కాళ్లు. చప్పుడు విని తుపాకీ పేరు చెప్పగలిగినవాడికి ఈ గోరంత ముక్క నిజమో అబద్ధమో తెలియలేదు. పరీక్షించే టైము లేదు. ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

అక్క నెమలిని ఒక్కటే అడిగింది. "ఈ చిప్పుకి పుల్-అప్ రెసిస్టర్ ఎంత?"

"మూడువందల యాభై ఓములు. కెపాసిటర్ని ఐదు, ఎనిమిది కాళ్ల మధ్య, చిప్పుకి ఆనించి పెట్టండి. దూరమైతే కోడ్ పాడవుతుంది." అంది నెమలి.

"చెడగొట్టాలనుకునే మనిషి కెపాసిటర్ సంగతి చెప్పదు," అంటూ అక్క సోల్డరింగ్ ఐరన్ అందుకుంది.

మౌనికి చెయ్యడానికేమీ లేదు. కాల్చడానికి మనిషి లేడు, దూకడానికి గోడ లేదు. అక్క మునివేళ్లనీ, గడియారాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. పక్కన నెమలి ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది. ఆసుపత్రిలో ఎవరూ ఎత్తడం లేదు.

పన్నెండుకి మూడు సెకన్లు. అక్క బటన్ నొక్కింది. పెట్టె మీది ఎర్ర దీపం ఆరలేదు. రెండు. మోటారు మూలిగింది. మౌని కళ్లు మూసుకున్నాడు. ఒకటి.

ఎర్ర దీపం ఆరింది. మోటారు ఆగిపోయింది. బోర్డు మాడలేదు.

అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. "అమ్మా," అని నెమలి నేల మీద కూలబడింది. బేడీలు వెయ్యడానికి వంగిన మౌని, ఆమె మాట్లాడటం అయ్యేదాకా ఆగాడు.

అక్క కుళాయి తిప్పి గ్లాసు నింపి అతని ముందు పెట్టింది.

నీళ్ల వంక కాసేపు చూసి, "ముందు నువ్వు తాగక్కా," అన్నాడు మౌని.